కనీకనపడని గీత

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకావిడ. లోకమంతా ఆ మాట చెప్పుకుని నవ్వుకుంటుంది. నేను మాత్రం ఎప్పుడు విన్నా ఆ మహాతల్లి పక్షమే. పాపం, ఆవిడకి తోడికోడలు ఇంట్లో మాత్రమే ఉండి ఉంటుంది. నాకు ఇంట్లోనూ అదే, పని దగ్గరా అదే. పొద్దున గేటు తీసేటప్పుడు దాని మొహం, సాయంత్రం గేటు వేసేటప్పుడు దాని మొహం.

పని అంటే రక్త పరీక్షల కేంద్రం. హెచ్‌ఐవీ సోకిందో లేదో చూసి చెప్పడం మా ముఖ్యమైన పని. ముందు గదిలో కిటికీ పక్కన కుర్చీ నాది. వచ్చినవాళ్ళ చేతికి పట్టీ కట్టి, నరం వెతికి, రక్తం తీస్తాను. ఒక చుక్క స్ట్రిప్ మీద వేసి గీతలు చూస్తాను. ఎంత సన్న నరమైనా నా వేలికి దొరక్కుండా పోదు, ఎంత సన్న గీతైనా నా కంటికి దొరక్కుండా పోదు. అందుకే ఊడ్చే ఆవిడ దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా అందరూ నన్ను వెనకాల డేగమ్మ అంటారు. నాకు వినపడదనుకుంటారు. డేగకి చెవులు కూడా ఉంటాయి.

మా తోడికోడల్ని ఇంట్లో అందరం చిన్నది అంటాం. దానికి అక్కడ ఉద్యోగం వేయించింది ఎవరనుకున్నారు? నేనే. "మా మరిది భార్య అండీ, ఈ చదువే చదివింది, నెమ్మదస్తురాలు" అని డాక్టరమ్మని కాళ్ళావేళ్ళా పడి బతిమాలాను. కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. ఏకై వచ్చింది, మేకై కూర్చుంది.

ఎలాగంటే, మా కేంద్రానికి కొత్త మిషన్ వచ్చింది. దాని గొప్ప ఏమిటో నేను కిటికీ దగ్గర వచ్చినవాళ్ళకి రోజంతా చెబుతూనే ఉంటాను. ఇంట్లోకి దొంగ దూరాడనుకోండి, కుక్క మొరగడానికి కొంత టైం పడుతుంది. ఒంట్లోకి ఈ వైరస్ వచ్చినా అంతే, ఒళ్ళు మేలుకుని గోల చెయ్యడానికి వారాలు పడుతుంది. పాత స్ట్రిప్పులు కుక్క మొరిగితేనే కనిపెట్టేవి. ఇప్పటి స్ట్రిప్పులో ఇంకో గీత ఉంది, అది దొంగ వదిలేసిన చెప్పుని చూసి చెబుతుంది. మిషన్ అయితే అడుగుజాడ పడగానే పట్టేస్తుంది. ఎంత ముందు పట్టుకుంటే అంత మేలు. వెంటనే మాత్రలు మొదలుపెడితే దొంగ ఓ మూల నక్కి కూర్చుంటాడు, ఇల్లు దోచలేడు, పక్కింటికీ పోలేడు. ఇదంతా చెప్పేది నేను. మిషన్ దగ్గర కూర్చునేది అది.

శిక్షణకి ఒక్కరినే పంపాలన్నప్పుడు డాక్టరమ్మ దాన్ని పంపింది. "నువ్వు లేకపోతే ముందు గది నడవదమ్మా" అని నాకు చెప్పింది. పొగిడి పక్కన కూర్చోబెట్టడం అనే విద్య ఒకటుంది, పెద్దవాళ్ళకి బాగా వచ్చు. శిక్షణ నుంచి వచ్చాక చిన్నదానికి అద్దాల తలుపు గది ఇచ్చారు. లోపల చల్లటి గాలి. తలుపు బయట మామూలు చెప్పులు విప్పి, లోపల నీలం చెప్పులు వేసుకోవాలి. కోటు కూడా వేరే. నేను రక్తం గొట్టాలు తీసుకెళ్ళి గోడకున్న చిన్న కిటికీలో పెట్టి గంట నొక్కి వచ్చెయ్యాలి. "థాంక్సక్కా" అంటుంది అద్దం అవతల్నుంచి. ఆ మాట నాకు వినపడదు, పెదాలు కదలడం మాత్రం కనపడుతుంది. ఆ నీలం చెప్పులు చూసినప్పుడల్లా నా కడుపు భగ్గుమనేది. అసూయ కాదు అని బుకాయించను. అసూయే. నిలువెల్లా కుళ్ళు.

ఇంటికి వస్తే అక్కడా అదే వరస. ఒకే ఇల్లు, ఒకే వంటగది. చిన్నది దగ్గితే మా అత్తయ్య వేడినీళ్ళు పెడుతుంది. నేను దగ్గితే "ఆ ఫ్యాను కట్టేసుకోకూడదూ" అంటుంది. మా ఆయనకి కోపమొస్తే "దాన్ని చూసైనా నెమ్మది నేర్చుకో" అంటాడు. నా కడుపున పుట్టిన కూతురు కూడా జడ పిన్నే వెయ్యాలంటుంది, నేను వేస్తే బిగుతట. చిన్నదానికి ఏడు నెలల పాప ఉంది. ఆ చంటిది ఒక్కతే నన్ను చూసి నవ్వుతుంది, అది కూడా ఇంకా బుద్ధి తెలియక అయ్యుంటుంది.

ఇలా ఉండగా ఒకరోజు డాక్టరమ్మ మా అందరినీ కూర్చోబెట్టి, మిషన్ గదిలోకి రెండో మనిషిని తీసుకోబోతున్నామని చెప్పింది. ఇన్నాళ్ళకి! అంతలోనే ఆవిడ ఇంకో ముక్క అంది.

"ఎవరైతే బాగుంటుందో మన చిన్నమ్మాయినే చెప్పమన్నాను. కలిసి పని చెయ్యాల్సింది తనే కదా."

విన్నారా? నేను తెచ్చి పెట్టిన పిల్ల, నేను పనికొస్తానో రానో తేల్చాలట. ఆ పూట భోజనం సహించలేదు. చిన్నది నా పక్కన కూర్చుని ఏదో చెప్పబోతే, డబ్బా మూత ఠపీమని పెట్టి లేచిపోయాను. తెలిసి రావాలి అనుకున్నాను, నేను లేకపోతే ఏమవుతుందో ఒక్కరోజు అందరికీ తెలిసి రావాలి. ఫ్యాక్టరీ వాళ్ళు బస్సుల్లో పరీక్షలకి వచ్చే రోజు చూసుకుని మరీ సెలవు పెట్టాను. తలనొప్పి అని చెప్పి, ఇంట్లో కాళ్ళు జాపుకుని పడుకున్నాను. కేంద్రంలో నా బీరువా తాళంచెవి ఎప్పట్లాగే నా నడుముకే ఉంది.

మర్నాడు వెళ్ళేసరికి ఊడ్చే ఆవిడ గుమ్మంలోనే కబురు అందించింది. నా కుర్చీలో చిన్నదాన్ని కూర్చోబెట్టారట. ఒకాయనకి నరం దొరక్క రెండు చేతులూ పొడిచి నీలం మచ్చలు తెప్పించిందట. నాకు ప్రాణం లేచొచ్చింది. సరాసరి వెళ్ళి అందరి ముందూ అన్నాను:

"ఏమ్మా మిషన్ మహారాణీ! సూది గుచ్చడమంటే బటన్ నొక్కడం అనుకున్నావా?"

పకపకా నవ్వాను. నేను నవ్వితే ముందు గదిలో నవ్వనివాళ్ళు ఎవరు? అందరూ నవ్వారు. చిన్నది కూడా నవ్వినట్టు మొహం పెట్టింది. దాని బొటనవేలికి ప్లాస్టర్ ఉంది. కాసేపయ్యాక నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"అక్కా, ఒక మాట..."

"ఏంటి, ఇంకెవర్నైనా పొడిచావా?"

మళ్ళీ నవ్వులు. "ఏం లేదులే అక్కా" అని వెళ్ళిపోయింది. ఆ రోజు నేను చాలా హుషారుగా పని చేశాను.

ఆ తర్వాత చిన్నదాని వేషాలు మొదలయ్యాయి. వేషాలనే అనుకున్నాను. పాపకి తన పాలు మానేసి సీసా పట్టింది. "ఉద్యోగం చేసే పిల్ల, పాలు పడటం లేదేమో పాపం" అంది అత్తయ్య. అదే నేను మానేసి ఉంటే వీధి వీధంతా పంచాయతీ పెట్టేది. రాత్రిళ్ళు మరిది ఒక గదిలో, ఇది పాపతో ఇంకో గదిలో. అడిగితే పాప ఏడుస్తుంటే ఆయనకి నిద్ర చాలడం లేదంది. అబ్బో, ఎంత మురిపెం! రెండు వారాలు దాటాక జ్వరం వచ్చింది. గొంతు నొప్పి, ఒళ్ళు నొప్పులు. ఇంక చూడాలి ఇంట్లో హడావుడి. అత్తయ్య వేడినీళ్ళు, మా ఆయన మందుల కొట్టుకి పరుగు, నా కూతురు పిన్ని కాళ్ళ దగ్గర కూర్చుని ఒత్తడం. ఆ వారమంతా వంటగది నా నెత్తినే పడింది. గిన్నెలు కావాలనే చప్పుడు చేస్తూ తోమాను.

జ్వరం తగ్గి మళ్ళీ పనికి వచ్చినా మనిషి మనిషిలా లేదు. అద్దాల గదిలో అలా శూన్యంలోకి చూస్తూ కూర్చునేది. చూడబుద్ధి కాకపోయినా చూసేదాన్ని, అదేం రోగమో. రెండో మనిషి సంగతి ఎవరూ ఎత్తడం లేదు. నా పేరు కొట్టేసిందని ఖాయం చేసుకున్నాను.

ఆ రోజు మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళారు. నేను చేతులు కడుక్కుందామని వెనక గదిలోకి వెళ్ళాను. సింకు దగ్గర చిన్నది చేతులు కడుక్కుంటూ కూనిరాగం తీస్తోంది. కూనిరాగం! నన్ను చూసి, "భోంచేశావా అక్కా?" అని నవ్వింది. మొహం కడిగిన పలకలా తేటగా ఉంది. అన్నాళ్ళూ ఏడుపు మొహం పెట్టుకు తిరిగిన మనిషికి ఇంత సంతోషం ఎక్కడ్నుంచి ఊడిపడింది? నా ఒళ్ళు మండింది. అది వెళ్ళగానే చుట్టూ చూశాను. వాడేసిన స్ట్రిప్పులు పారేసే ట్రేలో, అన్నిటికంటే పైన ఒక స్ట్రిప్ ఉంది.

మా దగ్గర ఒక నియమం ఉంది. స్ట్రిప్ మీద రక్తం వేసిన టైం పెన్సిల్‌తో రాయాలి, గడువు లోపలే చదవాలి, గడువు దాటిన గీతని నమ్మకూడదు. ఒకరు చూశాక రెండోవాళ్ళు కూడా చూడాలి, గీత లేదనిపించినా సరే. మనసు వద్దనుకున్నదాన్ని కన్ను చూడదు, అందుకని రెండు జతల కళ్ళు కావాలంటుంది డాక్టరమ్మ. ఆ రెండో జత ఎప్పుడూ నావే. ఈ స్ట్రిప్ మీద చిన్నదాని రాతతో టైం ఉంది, దాని కింద "లేదు" అని ఉంది. నంబరు లేదు. రెండో సంతకం లేదు. నన్ను పిలవలేదు.

గడియారం చూశాను. గడువు ఇంకా దాటలేదు. చేతికి గ్లవ్ తొడుక్కుని స్ట్రిప్‌ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో ఇటూ అటూ వాల్చాను. పరీక్ష సరిగ్గా జరిగిందని చెప్పే పై గీత ముదురుగా ఉంది. కుక్క మొరిగితే వచ్చే గీత లేదు. దాని కింద, దొంగ చెప్పు గీత ఉండాల్సిన చోట... కళ్ళు చికిలించాను. ఉంది. ఉందా లేదా అన్నంత సన్నగా ఉంది. ఎవరి కంటికీ ఆనదు. నా కంటికి ఆనింది.

రొట్టె విరిగి నేతిలో పడింది. దొరికావే చిన్నదానా! ఉన్న జబ్బుని లేదని రాసి పంపేశావు. పైగా కూనిరాగాలు! ఆ స్ట్రిప్ ఎవరిదో, ఆ మనిషి గతి ఏమిటో అని నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మిషన్ గది, నీలం చెప్పులు, అద్దం అవతల చిన్నదాని చోట నేను, ఇవే కళ్ళముందు ఆడాయి. డాక్టరమ్మ గదికి నడవలేదు, తేలుతూ వెళ్ళాను.

"చూడండి డాక్టరమ్మగారూ, మీ చిన్నమ్మాయి లేదు అని రాసిన స్ట్రిప్."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, టేబుల్ లైటు దగ్గరికి లాక్కుని చాలాసేపు చూసింది.

"ఉంది" అంది చివరికి. "కింది గీత ఒక్కటే వచ్చింది. మరీ తొలిదశ. నేనైతే వదిలేసేదాన్నేమో. నీ కళ్ళు చల్లగుండ!"

ఆ మాటకి నేను జానెడు పెరిగాను. ఉద్యోగంలో చేరాక ఆవిడ నోట అంత మెచ్చుకోలు వినడం అదే మొదలు.

"ఎవరిది ఇది?"

"నంబరు కూడా వెయ్యలేదండీ. రెండోచూపుకి నన్ను పిలవనూ లేదు. దాన్నే అడగండి."

కబురు పెడితే చిన్నది తుండుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. డాక్టరమ్మ చేతిలో స్ట్రిప్ చూడగానే ఆ తుడవడం ఆగిపోయింది. నేను ఆగలేకపోయాను.

"చెప్పు, ఎవరికి లేదని చెప్పి పంపేశావు? ఇంకా వీధి మలుపైనా తిరిగి ఉండరు. పరిగెత్తితే దొరుకుతారు."

అది నా వైపు చూడలేదు. "ఉందాండీ?" అని డాక్టరమ్మని అడిగింది.

"ఉందమ్మా. మీ అక్క పట్టుకుంది."

"నాకు కనపడలేదండీ. లైటు కింద పెట్టి చూశాను. నిజంగా కనపడలేదు."

"సరే, అలాంటివి జరుగుతాయి. ఎవరిది?"

"నాది."

నేనింకా నవ్వుమొహంతోనే ఉన్నాను. ఆ నవ్వుని ఎలా తీసెయ్యాలో తెలియలేదు. అది అలాగే మొహానికి అతుక్కుని ఉండిపోయింది.

తర్వాత అది చెప్పిందంతా డాక్టరమ్మకే చెప్పింది. నేను సెలవు పెట్టిన రోజున బస్సుల జనం మీద పడుతుంటే కంగారులో, వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టబోయిందట. సూదికి మూత పెట్టకు, తిన్నగా డబ్బాలో పడెయ్యి అని పనిలో చేరిన రోజునుంచీ నేను దాని చెవినిల్లు కట్టుకుని చెప్పిన మాటే. మూత జారి సూది బొటనవేల్లో దిగింది. ఆ రక్తం ఇచ్చిన మనిషి స్ట్రిప్పులో గీతలు ముదురుగా వచ్చాయి. ఆ సాయంత్రం నుంచే పాపకి పాలు మానేసింది, మరిదిని దూరం పెట్టింది.

"గుచ్చుకున్న వెంటనే మాత్రలు మొదలుపెడితే చాలావరకు ఆపెయ్యొచ్చని తెలుసు కదమ్మా నీకు!" డాక్టరమ్మ గొంతు పెద్దదైంది. "మూడు రోజులు గడువుంటుందని వచ్చినవాళ్ళందరికీ మనమే చెబుతాం కదా!"

"తెలుసండీ."

"మరి?"

ఆ జవాబు నాకు తెలుసు. ఆ మాత్రల డబ్బా ఉండేది నా బీరువాలో. తాళంచెవి నా నడుముకి. ఆ రోజు ఆ తాళంచెవి కూడా నాతోపాటు ఇంట్లో కాళ్ళు జాపుకుని పడుకుంది.

"మర్నాడు అక్కని అడుగుదామనే వెళ్ళాను" అంది చిన్నది, నేలకేసి చూస్తూ. "అక్క నవ్వింది. అందరూ నవ్వారు. సూదికి మూత పెట్టానని తెలిస్తే ఇంకా నవ్వుతుంది కదా అనిపించింది. సాయంత్రం అడుగుదాం, రేపు అడుగుదాం అనుకుంటూ ఉండగానే గడువు దాటిపోయిందండీ. ఆ తర్వాత చూసుకోవాలంటే భయమేసింది. ఇవాళ ధైర్యం చేసి చూసుకున్నాను. లేదనుకుని..."

అందుకా ఆ కూనిరాగం.

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నా జుట్టు పట్టుకుని ఉంటే ఇంకా బాగుండేది. అది నా మీద చాడీ చెబుతున్నట్టు కూడా చెప్పలేదు, వాన పడింది అన్నట్టు చెప్పింది. వెనకటికి అత్త కొట్టినా ఏడవనిది తోడికోడలు నవ్వితే ఏడ్చిందంటే లోకమంతా నవ్వుకుంటుంది. మా ఇంట్లో అది నవ్వులాట కాలేదు.

"స్ట్రిప్ ఒక్కటీ చాలదు" అంది డాక్టరమ్మ. "మిషన్ మీద వేస్తే గాని రూఢి కాదు. నీ రక్తం నువ్వు వెయ్యకూడదు. బయటికి పంపితే రోజులు పడుతుంది."

"అక్క వేస్తుందండీ. నేను పక్కనుండి చెబుతాను." ఆగి, ఇంకో మాట అంది. "రెండో మనిషిగా అక్కనే తీసుకుందామని మీకు ఆ రోజే చెప్పాను కదండీ, అక్కకి నేనే చెబుతానని కూడా అన్నాను. ఇవాళే మొదలుపెడుతుంది, అంతే."

డాక్టరమ్మ అవునన్నట్టు తలాడించింది. ఆ రోజే! ఏ రోజు? నేను డబ్బా మూత ఠపీమని పెట్టి లేచిపోయిన రోజు. ఆ పూట నా పక్కన కూర్చుని అది చెప్పబోయింది ఇదే.

ముందు రక్తం తియ్యాలి. చిన్నది నా కుర్చీకి ఎదురుగా కూర్చుని చెయ్యి చాపింది. పట్టీ కట్టాను. నరం దొరకలేదు. నాకు నరం దొరకలేదు! వేలితో నొక్కుతున్నాను గాని వేలికి ఏమీ తెలియడం లేదు. "తొందరేం లేదక్కా" అంది. ఇంకో చేతికి మార్చాను. రక్తం వచ్చాక సూదిని మూత పెట్టకుండా తిన్నగా డబ్బాలో పడేశాను. అది లోపల పడిన చప్పుడు ఇద్దరం విన్నాం.

అద్దాల తలుపు దగ్గర నా చెప్పులు విప్పాను. నీలం చెప్పులు ఒక్క జతే ఉన్నాయి. చిన్నది అవి నా వైపు జరిపి, తాను ఉత్తి కాళ్ళతో లోపలికి వచ్చింది. నాకు అవి కాస్త బిగుతు. ఏ గదిలో కాలు పెట్టడానికి నేను అన్నాళ్ళు కుతకుతలాడిపోయానో, ఆ గదిలో నాకు చలికి పళ్ళు టకటకలాడాయి. అది చెబుతోంది, నేను చేస్తున్నాను. ఈ ద్రవం ఇంత కలుపు. ఊపొద్దు, మెల్లిగా తిప్పు. ఈ చిన్న పెట్టెలో పొయ్యి. మూత వెయ్యి, ఇక్కడ మాత్రం మూత వెయ్యాలి. అది ఆ మాట అని తనే చిన్నగా నవ్వబోయి ఆగిపోయింది. పెట్టెని అరలో పెట్టి తలుపు మూసి, పచ్చ బటన్ నొక్కాను. ఇన్నాళ్ళూ కుళ్ళింది ఈ పాటి పనికా అనిపించింది.

ఫలితం రావడానికి మధ్యాహ్నమంతా పట్టింది. చిన్నది స్టూలు లాక్కుని తెర వైపు వీపు పెట్టి గోడకేసి కూర్చుంది.

"నువ్వే చూడక్కా. నా కళ్ళ మీద నాకు నమ్మకం పోయింది. నీ కళ్ళయితే నా తప్పు ఎక్కడున్నా వదలవు."

తెర మీద ఒక గీత నేలబారుగా సాగుతోంది, వైరస్ ఉంటే అది పైకి లేస్తుంది. సాగుతూనే ఉండవే తల్లీ అని దాన్ని బతిమాలాను. దేవుడా, ఈ ఒక్కసారికి నా కళ్ళు పోయినా పర్లేదు, నేను పట్టుకున్నది తప్పవ్వాలి. అందరి ముందూ నన్ను చూసి నవ్వాలి ఇది. డేగమ్మ గుడ్డిదైపోయింది అని ఊడ్చే ఆవిడ కూడా నవ్వాలి. గీత కొంతసేపు అలాగే సాగింది. తర్వాత కొస కాస్త లేచింది. లేచి, ఇంక ఆగలేదు.

ఫలితం చెప్పాల్సింది డాక్టరమ్మే గాని మేం కాదు, అది కూడా నియమమే. నేనేం మాట్లాడలేదు. ఎంతసేపు మాట్లాడలేదో మరి, చిన్నది వెనక్కి తిరిగి తనే చూసింది. పని తెలిసినదానిలా పైనుంచి కింది దాకా చూసింది.

"బాగా వేశావక్కా మొదటిసారికి" అంది. "గీత శుభ్రంగా వచ్చింది."

అప్పుడు ఏడ్చాను. అంతవరకూ నేనెప్పుడూ దాని ముందు ఏడవలేదు, దాని వెనకే ఏడ్చాను. అది ఉత్తి కాళ్ళతో ఆ చల్లటి నేల మీద నిలబడి నా వీపు నిమిరింది. ఓదార్చాల్సింది ఎవరు, ఓదారుస్తున్నది ఎవరు!

ఆ సాయంత్రమే మాత్రలు మొదలుపెట్టారు. నా బీరువా నేనే తెరిచాను. ఇంత తొలిదశలో దొరకడం అదృష్టమని, రోజూ మానకుండా వేసుకుంటే మామూలు మనిషిలా నిండా బతుకుతుందని, ఉద్యోగానికీ అడ్డు లేదని డాక్టరమ్మ చెప్పింది. "ఆ కోపిష్టి ఒంటితో నువ్వు పోయాక కూడా ఇది హాయిగా ఉంటుంది చూడు" అని నన్ను నవ్వించబోయింది. అందులో కూడా ఇదే నాకంటే పైనా అని ఒక్క క్షణం అనిపించింది. ఏం చెయ్యను, పుట్టుకతో వచ్చిన బుద్ధి. అనిపించాక మాత్రం, పైనే ఉండవే, నాకంటే ఒక్కరోజు ముందు పోయినా ఊరుకోను అనుకున్నాను.

మరిదికి ఆ రాత్రి చిన్నదే చెప్పుకుంది. పొద్దున మరిది పాపని ఎత్తుకుని మాతోపాటే కేంద్రానికి వచ్చాడు. ఇద్దరి రక్తం నేనే తీశాను, మిషన్ మీద నేనే వేశాను. పాప గీత నేలబారుగా సాగి సాగి అలాగే ఆగిపోయింది, మరిదిదీ అంతే. మళ్ళీ ఇంకోసారి చూడాలంది డాక్టరమ్మ. కొన్ని వారాలాగి చూశాం. అప్పుడూ గీత లేవలేదు.

అత్తయ్యకి మాత్రం ఎవరమూ చెప్పలేదు. చెప్పాలో వద్దో, ఎప్పుడో, అది చిన్నదాని ఇష్టం. కాని ఆవిడ ఎన్నాళ్ళని ఓపిక పడుతుంది? ఒక ఆదివారం పొద్దున అందరం వంటగదిలో ఉండగా చిన్నది సీసాలో పాలు కలుపుతోంది. అత్తయ్య గరిట పక్కన పెట్టింది.

"జ్వరం తగ్గి ఎన్నాళ్ళయింది? ఇంకా ఆ సీసా ఏంటి? కన్నతల్లి ఉండగా పసిదానికి డబ్బా పాలేంటి? అందం తగ్గిపోతుందనా? పిల్లకంటే నీకు సోకు ఎక్కువైందా?"

నేను కాపరానికి వచ్చిన దగ్గర్నుంచీ ఎదురుచూసిన ఘడియ. అత్తయ్య చిన్నకోడల్ని తిట్టడం! అదీ నా ఎదుటే! ఎన్ని రాత్రులు కలగన్నానో దీనికోసం. చిన్నది తల వంచుకుని సీసా తిప్పుతోంది. దాని బొటనవేలు మీద మచ్చ కూడా లేదు.

"దాన్నేమీ అనకండి అత్తయ్యా" అన్నాను. "మాన్పించింది నేనే."

"నువ్వా? ఎందుకు?"

ఎందుకో నేనేం ఆలోచించుకోలేదు. నోటికొచ్చింది అనేశాను. "జ్వరానికి వేసుకున్న మందులు దాని ఒంట్లో ఉన్నన్నాళ్ళు పాలు పట్టకూడదని నేనే చెప్పాను. మళ్ళీ పడతానన్నా పట్టనివ్వను."

ఇంక అత్తయ్య అందుకుంది చూడండి. నా కుళ్ళు, నా పెత్తనం, నా గిన్నెల చప్పుడు, నా పుట్టింటివాళ్ళ పెంపకం, ఒక్కటీ వదల్లేదు. పచ్చటి సంసారంలో చిచ్చు పెట్టడానికే పుట్టానంది. పసిపిల్ల నోటి దగ్గర పాలు లాగేసిన చెయ్యి బాగుపడదంది. నేను గోడకి చేరబడి, తల ఊపుతూ, ఆవిడ ఎక్కడైనా ఆగితే అందివ్వడానికి సిద్ధంగా నిలబడ్డాను.

"ఆ ఊపడం చూడు, గంగిరెద్దులా!" అంది అత్తయ్య.

చిన్నది పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని అటు వంగాను. చూద్దును కదా, నవ్వుతోంది. ఆపుకోలేక నవ్వుతోంది. సూది గుచ్చుకున్నాక దాని నోట మనస్ఫూర్తిగా వచ్చిన నవ్వు అదే. అత్త తిడుతోంది, తోడికోడలు నవ్వుతోంది, నా కూతురు కూడా పిన్నిని చూసి నవ్వడం మొదలుపెట్టింది.

నవ్వనీ అనుకుని, చంటిదాన్ని ఎత్తుకుని సీసా నేనే పట్టాను.